జోలపాట మొదలైతే లేచి వెళ్లిపోవాలి

ఆదివారం, మార్చి తొమ్మిదో తేదీ

చిరంజీవి పెట్టె అబ్బాయికి అమ్మమ్మ దీవెనలు.

ఇక్కడ నేను నడుస్తున్నాను, తింటున్నాను, కోప్పడుతున్నాను. కనుక క్షేమమే. నీ క్షేమం గురించి నీ కార్డులో ఒక్క ముక్క లేదు. ఎలా ఉన్నావు? చలికాలం దగ్గు తగ్గిందా?

ఆ కార్డు గురువారం అందింది. నాలుగు వాక్యాలు, మూడు అక్షరదోషాలు. నీ పాటల కాగితాలూ స్టాండూ పార్సిలు చేయమన్నావు. అకార్డియన్ పెట్టెకు బేరం కుదిరిందనీ, నెలాఖరుకి ఇచ్చేస్తాననీ, ఇకమీదట వాయించననీ రాశావు. దానికి జవాబుగానే ఇప్పుడు రాస్తున్నాను. మా మనవడికి నీ కార్డు చూపించలేదు. వాడు ఇంట్లో లేని వేళ చూసుకుని కూర్చున్నాను. పార్సిలు ఇంకా కట్టలేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ నా పని ఇతరుల లెక్కలు తనిఖీ చేయడం. ఆఖరి పేజీ ఒక్కటీ చూసి సంతకం పెట్టే అలవాటు నాకు లేదు. కనుక కాస్త ఓపిక పట్టి మొదటినుంచీ చదువు.

నువ్వు మొదటిసారి మా గుమ్మంలో నిలబడ్డ రోజున బయట వాన. ఒళ్లంతా తడిసినా పెట్టె తడవకుండా చంటిపిల్లని ఎత్తుకున్నట్టు గుండెకు అదుముకుని తెచ్చావు. భుజానికి తగిలించుకోవచ్చు కదా అంటే, రెండు పట్టీల్లో ఒకటి తెగి నాన్న చేతిలో ఉండిపోయిందన్నావు. ఆయన పెట్టె లాగాడు, నువ్వు వదల్లేదు, పట్టీ తెగింది, నువ్వు బయటపడ్డావు. మీ నాన్న ఫైరింజన్ డ్రైవరనీ, ఎవరి కొంప అంటుకున్నా పరిగెత్తుకెళ్లే మనిషి కొడుకుని మాత్రం వానలోకి నెట్టాడనీ నవ్వుతూ చెప్పావు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. తువ్వాలు ఇచ్చాను. దాన్ని తడిగానే కుర్చీ మీద పడేశావు. అదీ నచ్చలేదు.

మా ఇంట్లో ఉండాలంటే భోజనానికి వేళకు రావాలనీ, రాత్రి తొమ్మిది తర్వాత పెట్టె తెరవకూడదనీ, తడి తువ్వాలు తీగ మీదే ఉండాలనీ చెప్పాను. మొదటి రెండూ పాటించావు. నా పాత ప్రయాణం సంచికి ఉన్న గుడ్డ పట్టీ విప్పి, నాలుగు మడతలు వేసి, నీ పెట్టెకు కుట్టి ఇచ్చాను. అప్పుడు నన్ను అమ్మమ్మగారూ అన్నావు. గారు తీసెయ్యి, నీ నోట్లో అది బరువుగా ఉందన్నాను.

మా వాడు నిన్ను స్నేహితుడన్నాడు. సరేనని గదిలో రెండో మంచం వేయించాను. పది రోజులైనా ఆ మంచం మీద దుప్పటి నేను పెట్టిన మడతలోనే ఉంది. మనవడు నాకు చెప్పలేకపోయిన మాట ఆ దుప్పటి చెప్పింది. ఆ వారమంతా నేను మీ ఇద్దరితో ముభావంగా ఉన్నాను, నీకు గుర్తుండే ఉంటుంది. ఒకరోజు పాట శ్రుతి దగ్గర మీరిద్దరూ పోట్లాడుకుంటుంటే వంటింట్లోంచి విన్నాను. నువ్వు ఎప్పుడూ ఇంతే అని వాడు, నీకు ఏం చేసినా ఇంతే అని నువ్వు. అది స్నేహితుల తగవు కాదు. మీ తాతగారితో నా కాపురం కూడా ఆ రెండు మాటల మీదే నడిచింది. మర్నాడు రెండో మంచం పక్కింటివాళ్లకు ఇచ్చేశాను. గది ఇరుకుగా ఉందన్నాను. అంతకుమించి మనం ముగ్గురం దాని గురించి ఎప్పుడూ మాట్లాడుకోలేదు, మాట్లాడవలసిన అవసరమూ రాలేదు.

మీరు మొదట పాడింది గ్యారేజీ కింద ఉన్న నేలమాళిగలో. ఒక గారడీవాడికీ ఒక హాస్యగాడికీ మధ్య మిమ్మల్ని ఇరికించారు. మీ ఇద్దరికీ కలిపి మంచి కోటు ఒక్కటే. అది మా వాడికి తొడిగి, నేనెలాగూ పెట్టె వెనకాలే ఉంటాను, నన్నెవరు చూస్తారు అనేవాడివి. అందుకే మీకు ఒంటికోటు జంట అని పేరొచ్చింది. ఇద్దరిలో ఒకడు ఆడవేషం కడితే జనం ఇంకా నవ్వుతారని ఆ చోటి యజమాని సలహా ఇచ్చాడు. మమ్మల్ని చూసి నవ్వుకోవడానికి వాళ్లకు వీధంతా ఉంది, మెట్లు దిగి రానక్కర్లేదని మా వాడు అన్నాడట. ఆ రాత్రే మిమ్మల్ని పంపేశారు. తర్వాతి చోట పైకప్పు కారేది. బకెట్టులో చుక్కలు పడే తీరును బట్టి తాళం మార్చుకునేవాళ్లమని చెప్పి నన్ను నవ్వించడానికి చూశావు. చెప్పులు ఆరబెట్టుకోమన్నాను.

ఆ తర్వాత లాండ్రీ. పైన బట్టలు ఉతికే యంత్రాలు, కింద మీరు. ఆ గది ఎప్పుడూ వెచ్చగా, సబ్బు వాసనతో ఉండేదనీ, మగవాళ్లు మగవాళ్లతో, ఆడవాళ్లు ఆడవాళ్లతో భయం లేకుండా నాట్యం చేసే చోటు మా ఎరుకలో అదొక్కటేననీ చెప్పావు. మీ రెండో కోటు కుట్టిపెట్టింది అక్కడికి వచ్చే ముసలి దర్జీయే. ఇక ఒంటికోటు జంట అనొద్దని ఆయన అందరికీ చెప్పినా ఎవరూ వినలేదు.

అక్కడి కట్టుబాటు నువ్వే నాకు వివరించావు. పోలీసుల జాడ కనిపిస్తే లాండ్రీ ఆవిడ కౌంటరు కింద మీట నొక్కుతుంది. కింద, నీ స్టూలు వెనక స్తంభం మీద చిన్న ఎర్రబల్బు వెలుగుతుంది. అది నాట్యం చేసేవాళ్లకు కనిపించదు. కనిపిస్తే తొక్కిసలాట అవుతుంది. బల్బు చూసి మా వాడు పాట మార్చాలి. ఆ పాట మొదలైతే అందరూ జంటలు విడిపోయి, బాయిలర్ గది తలుపులోంచి వెనక సందులోకి నెమ్మదిగా వెళ్లిపోవాలి. మా వాడు పైకెళ్లి వచ్చినవాళ్లను మాటల్లో పెట్టాలి. ఆ పని కోసం వాడు ఎంచుకున్న పాట, చిన్నప్పుడు నేను వాడికి పాడిన జోలపాట. జోలపాట పాడితే ఎవరూ జైల్లో వేయరు కదా అమ్మమ్మా అన్నాడు. నా పాటను పోలీసు ఈల చేశారని నాలుగు రోజులు మీతో మాట్లాడలేదు.

నువ్వు మాత్రం ఆ బల్బు వెలగడం ఎన్నడూ చూడలేదు. అది నీ వీపు వెనక ఉంది. నీ చూపంతా మా వాడి మొహం మీద. వాడు ఊపిరి తీసుకునే ముందే నీ పెట్టె ఊపిరి తీసుకునేది. నాకు సంగీతం అంతగా తెలియదు గానీ అది మాత్రం తెలిసింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం నేను మొదటిసారి మెట్లు దిగాను. నా మోకాలి కోసం గోడ వారగా, మీకు దగ్గరలో కుర్చీ వేశారు. దర్జీ వంగి నమస్కారం పెట్టి, మీ అనుమతి ఉంటే మీ మనవడి కోటు కాస్త వదులు చేస్తాను, మీ ఇంటి భోజనం బాగా ఒంటబట్టిందన్నాడు. మూడో పాట సగంలో మా వాడు జోలపాట అందుకున్నాడు. గది కదిలింది. నెమ్మదిగా కదలాల్సింది, కానీ ఎవరో కంగారుపడ్డారు. దర్జీ బాయిలర్ మెట్ల మీద పడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. పోలీసులు రాలేదు. ఎవరూ రాలేదన్నారు. మీట నొక్కనే లేదని లాండ్రీ ఆవిడ చెప్పింది. అమ్మమ్మ వచ్చిందన్న మురిపెంతో, ఒళ్లు మరిచి ఆ పాట పాడాడని అందరూ తేల్చారు. వాడు అవునన్నాడు.

ఇంటికొచ్చాక నువ్వన్న మాటలు నేను గోడవతల నుంచి విన్నాను. నీకు ఇల్లుంది, మీ అమ్మమ్మ ఉంది, అందుకే నీకు ఆ గదితో ఆడుకోవాలనిపించింది, నాకు ఆ గది తప్ప ఇంకేముందన్నావు. నీ మొహం చూసి వాయించాను, ఇక నీ మొహాన్ని నమ్మలేనన్నావు. తెల్లారేసరికి నువ్వు లేవు. తువ్వాలు తీగ మీద ఉంది.

ఇది ఎనిమిది నెలల నాటి మాట. వాడు ఆ తర్వాత పాడలేదు. అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే పనికి వెళ్తున్నాడు. నేను కోప్పడితే పడతాడు, ఎదురు చెప్పడు. అదే నాకు భయం. దర్జీ కర్ర సాయంతో నడుస్తున్నాడు. నన్ను పడేసింది పాట కాదు, ఈ వయసులో పరుగులెందుకు నాకు అంటాడు. అక్కడ ఇప్పుడు గ్రామఫోన్ పెట్టుకుంటున్నారట. అది ఎవరి మొహమూ చూడదు.

నువ్వు పెట్టె అమ్మేస్తే మీ ఇద్దరి మధ్యా ఇక మిగిలేది నేనొక్కదాన్ని. నేను ఎన్నాళ్లుంటాను? అమ్మకం ఆపు అని చెప్పడానికే ఇంత రాశాను.

ఇట్లు,
దీవెనలతో,
అమ్మమ్మ

తా.క. సంతకం పెట్టి, కవరు అంటించి, మళ్లీ విప్పాను. పైన రాసినదాంట్లో అబద్ధం లేదు. కానీ ఒక పద్దు వదిలేశాను. అది వదిలేసి సంతకం పెట్టడం నాకు చేతకాలేదు.

ఆ రోజు బల్బు వెలిగింది. నా కుర్చీలోంచి స్తంభం కనిపిస్తుంది. నేను చూశాను. మా వాడూ చూశాడు. చూశాకే పాట మార్చాడు. ఒక్క క్షణం కూడా ఒళ్లు మరవలేదు.

అందరూ వెనక తలుపు వైపు పోతుంటే వాడు ముందు మెట్లెక్కాడు. ఆ తోపులాటలో సందు వైపు నడవలేక వాడి వెనకే నేనూ పైకి ఎక్కాను. కౌంటరు ముందు ఖాకీ బట్టల్లో, బూట్లతో ఒక పెద్దమనిషి టోపీ చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. మీ నాన్న. ఇంటికెళ్లి బట్టలు మార్చుకుంటే ఎక్కడికని అడుగుతారని డ్యూటీ నుంచి నేరుగా వచ్చాడు. ఆ బట్టలు చూసి, పోలీసనుకుని లాండ్రీ ఆవిడ మీట నొక్కింది.

ఆయన నిన్ను లాక్కుపోవడానికి రాలేదు. వినడానికి వచ్చాడు. కింద నుంచి పాట వినబడుతోంది, మంచి పాట, మధ్యలో ఆపేశారేం అని మా వాడిని అడిగాడు. అప్పుడే దర్జీని మోసుకుపోవడం కిటికీలోంచి కనబడింది. ఏమైందని అడిగితే, మీ బట్టలు చూసేనండీ అని లాండ్రీ ఆవిడ అనేసింది. ఆయన తన చొక్కా చేతుల వైపు చాలాసేపు చూసుకున్నాడు. మా అబ్బాయికి ఉన్న ఒక్క గదీ నావల్లే పాడైందని తెలిస్తే ఇక నా గడప తొక్కడు, చెప్పొద్దు బాబూ అని మా వాడి చేయి పట్టుకున్నాడు. వాడు మాటిచ్చాడు. తన తొందరపాటు బయటపడదు కనుక ఆవిడా సరేనంది. నువ్వు నానా మాటలూ అంటున్నప్పుడు వాడు ఆ మాట మీదే నిలబడ్డాడు.

వెళ్తూ మీ నాన్న నా చేతిలో కాగితం పొట్లం పెట్టాడు. అందులో తెగిన తోలు పట్టీ ఉంది. కొత్త బకిల్ వేయించి, నూనె రాసి మెత్తగా చేశాడు. అప్పటినుంచి అప్పుడప్పుడూ వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, మా అబ్బాయి దగ్గు ఎలా ఉందో తెలిసిందా అండీ అని అడిగి వెళ్లేవాడు.

పోయిన నెల ఆయనకు పక్షవాతం వచ్చింది. కుడివైపు పడిపోయింది, మాట పోయింది. చెప్పాలనుకున్నా ఇక ఆయన చెప్పలేడు. డాక్టరు ఆశ పెట్టలేదు. మా వాడు రోజూ సాయంత్రం ఆసుపత్రికి వెళ్లి ఆయనకు గడ్డం గీస్తాడు. ఫైర్ స్టేషన్ నుంచి వచ్చే కుర్రాడనుకుంటోంది మీ అమ్మ. ఇప్పుడూ అక్కడికే వెళ్లాడు.

మాట ఇచ్చింది వాడు. నన్నెవరూ అడగలేదు. కనుక ఇకమీదట జరగవలసినవి:

1. పెట్టె కొనేవాడికి ఈ రోజే కుదరదని చెప్పాలి.

2. దొరికిన మొదటి రైలు ఎక్కాలి. పెట్టె నీ ఒళ్లో ఉండాలి.

3. ముందు ఆసుపత్రి, తర్వాత ఇల్లు. మగవాళ్ల వార్డు, కిటికీ పక్క మంచం. ఆయన ఎడమచేతి వైపు కూర్చోవాలి. అటువైపు అన్నీ తెలుస్తున్నాయి.

4. మా వాడు ఎవరో మీ అమ్మకు ఏమని చెబుతావో రైల్లోనే తేల్చుకోవాలి.

5. తోలు పట్టీ నేను తగిలిస్తాను. నా గుడ్డ పట్టీ నాకు తిరిగి ఇచ్చేయాలి.

6. బల్బు సంగతి లాండ్రీ ఆవిడ అందరి ముందూ తన నోటితో చెబుతుంది. నేను వెళ్లి మాట్లాడాను. ఒప్పుకుంది.

7. పెద్ద నర్సుతోనూ మాట్లాడాను. సాయంత్రం పావుగంట వాయించుకోమంది. మీ నాన్న విన్నది జోలపాట మొదటి చరణమే. మీరిద్దరూ కలిసి ఆ పాట ఆఖరిదాకా వినిపించాలి. ఆ వార్డులో లేచి వెళ్లిపోగలిగినవాళ్లు ఎవరూ లేరు.