ఎడమ కిటికీలో ఎర్ర గుడ్డ

ఆదివారం

ఇందుమూలముగా మన ఇద్దరు మనుషుల పటాలానికి తెలియజేయడమేమనగా: నేటినుంచి యుద్ధరంగంలో బిస్కెట్లు నమలడం నిషేధం. సదరు నమిలే చప్పుడు మైకులో ఫిరంగి మోతలా వినబడుచున్నది. అట్లే, చచ్చిన సైనికుడు మళ్లీ బతికి లేచేలోగా టీ తాగి వచ్చెదనని అరగంట మాయం కారాదు. ఆజ్ఞ మీరినవారి తుపాకీ లాక్కుని కూరగాయలు తరిగే కత్తి ఇవ్వబడును.

ప్రియమైన డేగా,

దండోరా అయిపోయింది, ఇక మామూలుగా మాట్లాడుకుందాం. రెండో ప్రపంచ యుద్ధాన్ని చేసినవాళ్లు ఒక్కసారి చేసి ముగించారు. మనం మూడేళ్లుగా ప్రతి ఆదివారం పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చుని చేస్తున్నా, ఆటలో ఆ ఒక్క వంతెన దాటలేకపోయాం. ఇవాళ నువ్వు ఏడుసార్లు చచ్చావు. ఏడుసార్లూ ఎడమ నుంచే, ఇసుక బస్తాల వెనకున్న అదే టోపీవాడి చేతిలో. వాడేమన్నా నీ మేనత్త కొడుకా? ఎదురుగా వస్తున్నా చూసీ చూడనట్టు వదిలేస్తున్నావు. క్రేన్ మీద కూర్చుని కింద పడ్డ మేకుని పోల్చేవాడివని కదరా నీకు డేగ అని పేరు పెట్టారు!

ఇవన్నీ ఫోన్లో అడగొచ్చు. కానీ నచ్చని మాట రాగానే ‘వినిపించట్లేదు’ అని పెట్టేస్తావు. ఎనిమిదో తరగతిలో చీటీలు రాసుకుంటూ దొరికిపోయి ఎండలో నిలబడ్డప్పటినుంచీ మన ముఖ్యమైన సంగతులన్నీ కాగితం మీదే. నా చదువు అక్కడితో ఆగింది గానీ చీటీలు ఆగలేదు.

మా అల్లుడు నీ క్రేన్ కింద జెండాలు ఊపే పనిలో చేరి నెలైంది. ‘పైన డేగ మామయ్య ఉన్నాడు, నాకేం భయం లేదు నాన్నా’ అంటోంది మా అమ్మాయి. ఆటలో నిన్ను చూడలేదు, పాపం.

ఇట్లు,
పటాలం అధిపతి, తాళాల కొట్టు యజమాని,
నీ మారుతాళం

—

మంగళవారం

ప్రియమైన మారుతాళం,

దండోరా అందింది. బిస్కెట్లు పెట్టేది మీ చెల్లెమ్మ. దమ్ముంటే ఆజ్ఞ ఆవిడకే పంపు.

పొద్దున ఎండ సరిగ్గా తెర ఎడమవైపు పడుతోంది, అదీ సంగతి. అయినా ఎడమ కాయాల్సింది నువ్వు. బడిలో నా పేరుతో పంతులుగారికి రాజీనామా పత్రం రాసిచ్చిన రోజు నుంచి నువ్వు నా వెనక ఉన్నా పక్కన ఉన్నా నాకు నష్టమే.

ఇంట్లో కూడా నా శత్రువులు ఎడమవైపే కాపు కాస్తున్నారు. నిన్న తలుపు రెక్క భుజాన్ని కొట్టింది. మొన్న టీ గ్లాసు తనంతట తనే నా మోచేతి కిందికొచ్చి పడిపోయింది. ‘కళ్లు నెత్తికెక్కాయా?’ అంది మా ఆవిడ. ఇరవై రెండేళ్లు ఆకాశంలో కూర్చున్నవాడికి నెత్తికెక్కక ఇంకెక్కడికి పోతాయి?

ఇక్కడ పని జోరుగా ఉంది. వచ్చేవారం కాక ఆపై బుధవారం, రోడ్డు దాటే వంతెనకి ఒక్కటే పొడుగాటి ఇనుప దూలం ఎత్తాలి. ‘మీరే ఎత్తాలి’ అన్నాడు ఇంజనీరు. అల్లుడు నా ఎడమ చేతి వైపు నిలబడతాడు. కుర్రాడు బుద్ధిమంతుడు. నీ పోలిక లేదు.

నీ
డేగ

—

గురువారం

ప్రియమైన డేగా,

పరమ రహస్యం. చదివాక నమిలి మింగెయ్యి. బిస్కెట్ల నిషేధం దీనికి వర్తించదు.

వంతెన గుట్టు దొరికింది. ఏ తాళమైనా బలంతో రాదు, ఎక్కడ నొక్కాలో తెలియాలి. వంతెన మొదట్లో ఎడమవైపు గడియారం మేడ ఉంది కదా, దాని మూడో అంతస్తు, ఎడమ చివరి కిటికీ. అక్కడొక ఎర్ర గుడ్డ వేలాడుతుంది. ఎప్పుడూ ఉంటుంది. ఆట తయారుచేసినవాళ్లు గట్టి కళ్లున్నవాళ్ల కోసం దాచిపెట్టిన గుర్తు అది. గుడ్డ కుడికి ఊగితే టోపీవాడు ఆరోజు నిద్రపోతున్నట్టు, వంతెన మీద పరుగెత్తొచ్చు. ఎడమకి ఊగితే ఏటిగట్టు కింద పాక్కుంటూ పోవాలి. నిన్న కొట్టు మూసేశాక ఒక్కడినే ఆడి, కళ్లారా చూశాను.

ఈ ఆదివారం నేను నీ వెనక నడుస్తాను. గుడ్డ చూసి నువ్వు ‘పద’ అంటే పరుగు, ‘పాకు’ అంటే పాకుడు. అంతకు మించి మైకులో మాట్లాడకు, ఆటలో పరాయివాళ్లు వింటారు. ఏం చూశావో వివరంగా ఉత్తరం రాయి. పటాలం దస్త్రంలో పెట్టాలి.

పటాలం ప్రాణాలు ఇక నీ చూపు మీదే.

నీ
మారుతాళం

—

ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన మారుతాళం,

చూశాను. మూడో అంతస్తు, ఎడమ చివరి కిటికీ. ఎరుపే గానీ కాస్త వెలిసింది. చేతిరుమాలు కన్నా పెద్దది, తువ్వాలు కన్నా చిన్నది. కుడికి ఊగుతోంది. అందుకే ‘పద’ అన్నాను. ఇందులో గట్టి కళ్ల గొప్పేముంది, ఎవరికైనా కనిపిస్తుంది.

పదడుగులు వేయకుండానే ఇద్దరం చచ్చాం కాబట్టి నీ గుర్తు పనికిమాలినదని దస్త్రంలో రాసుకో.

అది సరే, చచ్చాక ఒక్క తిట్టూ తిట్టకుండా ఆట కట్టేసి వెళ్లిపోయావేంరా? ఒంట్లో బాగాలేదా?

నీ
డేగ

—

తర్వాతి శనివారం

ప్రియమైన డేగా,

ఈసారి దండోరా లేదు.

అల్లుడు సెలవు పెట్టి ఇంటికొచ్చాడు. ‘కొత్త హెల్మెట్ ఎందుకు? పాతదేమైంది?’ అని మా అమ్మాయి అడిగితే నీళ్లు నమిలాడు. కొట్లోకి తీసుకెళ్లి తలుపేసి అడిగాను.

“ఎవరికీ చెప్పనంటే చెప్తా మామయ్యా.”

“చెప్పను” అన్నాను. నా సంగతి తెలుసుగా.

“నిన్న కాంక్రీటు తొట్టి నా మీదికి వచ్చేసింది. ఎర్ర జెండా ఊపాను. రెండుసార్లు ఊపాను. ఆగలేదు. పక్కకి దూకాను, హెల్మెట్ దాని కింద పడింది.”

“ఏ పక్కన నిలబడ్డావు?”

“ఆయనకి ఎడమ పక్క.”

“దిగొచ్చి ఏమన్నాడు?”

“ఎండ కళ్లల్లో పడిందిరా అన్నారు. నిన్నంతా మబ్బే మామయ్యా.”

సోమవారం పనికి వెళ్లొద్దన్నాను. ‘నేను వెళ్లకపోతే అక్కడ ఇంకొకడిని నిలబెడతారు’ అన్నాడు.

ఒరేయ్, నీకు ఎడమవైపు కనిపించడం లేదు. నీకూ తెలుసు. ఆటలో ఏడుసార్లు చచ్చి ఏడుసార్లు లేచావు. కింద జెండా పట్టుకున్నవాడికి ఆ వసతి లేదు. బుధవారం లోపు కళ్లు చూపించుకో. చూపించుకోకుండా ఆ దూలం ఎత్తితే, మీ ఇంజనీరుకి రాసిన ఉత్తరం నా చొక్కా జేబులో ఉంది. అందులో వేళాకోళం ఒక్క ముక్క కూడా లేదు. నీ పని పోతుంది. నువ్వు నా మొహం చూడవు. అయినా పోస్టులో వేస్తాను.

ఈ కాగితం రేపు అల్లుడే తెచ్చిస్తాడు. లోపల ఏముందో వాడికి తెలియదు. వాడి మొహం చూస్తూ చదువు.

నీ
మారుతాళం

—

మళ్లీ శనివారం

ప్రియమైన మారుతాళం,

నీ ఉత్తరం అల్లుడి ముందే చింపేశాను. వాడు ముక్కలన్నీ ఏరి, బల్ల మీద పెట్టి, మీద టీ గ్లాసు బరువు పెట్టి వెళ్లిపోయాడు. ఒక్క ముక్క కూడా చదవలేదు. ఆ గ్లాసుని నా కుడి చేతి వైపు పెట్టాడురా.

బుధవారం క్రేన్ ఎక్కాను. ఎక్కలేదని రాయను, నీకు ఇప్పటికే ఒక అబద్ధం రాశాను. ఎర్ర గుడ్డ నాకు కనిపించలేదు. ఆ ఆదివారం నువ్వు ఆటలోకి రాకముందే గంటసేపు ఒక్కడినే ఆ మేడ చుట్టూ తిరిగాను. తెరకి ముక్కు ఆనించి చూశాను. కిటికీ కనిపిస్తోంది, విరిగిన రెక్క కనిపిస్తోంది, గుడ్డ లేదు. ఎడమ పక్క మసకేసిందని ఏడాదిగా తెలుసు. తల తిప్పుకుంటూ నెట్టుకొస్తున్నాను. కానీ ఎదురుగా ఉన్నది కూడా కనిపించకపోయేసరికి, కంటికి ఎరుపే పోయిందనుకున్నాను. వెలిసిన రంగు, తువ్వాలు కొలత, కుడికి ఊగడం, అన్నీ నేను అల్లినవే.

దూలానికి ఇనుప తాళ్లు బిగించారు. నా చెయ్యి మీట మీద ఉంది. కింద పద్నాలుగు మంది తలలెత్తి చూస్తున్నారు. తల పూర్తిగా తిప్పి అల్లుడి చేతిలో జెండా చూశాను. ఎర్రగానే ఉంది. ఉందా? అక్కడ ఎర్రది ఉండాలని తెలుసు కాబట్టి ఉందనుకుంటున్నానా? చూడని గుడ్డని చూశానని నీకు అంత వివరంగా రాసినవాడిని, నా కంటిని నేనెలా నమ్మను?

వాకీటాకీలో ఇంజనీరు, “ఏంటండీ ఆలస్యం? ఎత్తండి” అన్నాడు.

“ఎత్తలేను సార్. నా కళ్లు బాగాలేవు.”

“తమాషాలాడే టైమా ఇది?”

“తమాషాలు ఆడేవాడు వేరే ఊళ్లో ఉన్నాడు సార్. నేను దిగుతున్నాను.”

ఆ నిచ్చెన అంత పొడుగుంటుందని ఇరవై రెండేళ్లలో ఎప్పుడూ తెలియలేదు. కింద అల్లుడు నా సంచి తీసుకుని ఎడమ పక్కన నడిచాడు.

గురువారం కంటి ఆసుపత్రిలో, ఒక పెట్టెలో గడ్డం ఆనించి కూర్చోబెట్టారు. చుక్క వెలిగినప్పుడల్లా మీట నొక్కాలి. అదీ మన ఆటలాంటిదే. పరువు పోతుందని అంచనాగా కూడా నొక్కాను. నర్సమ్మ పట్టేసింది. “చుక్క వెయ్యకుండా మిషను ఊరికే చప్పుడు చేసినప్పుడు కూడా నొక్కారేంటండీ? మళ్లీ మొదటి నుంచి. ఈసారి కనిపిస్తేనే నొక్కండి” అంది. కనిపిస్తేనే నొక్కాను. ఎడమవైపు చాలాసేపు నా వేలు కదల్లేదు.

నీటికాసుల జబ్బట, గ్లాకోమా అన్నారు. పోయిన చూపు రాదు. రోజూ కంట్లో చుక్కల మందు వేసుకుంటే మిగిలింది నిలబెట్టొచ్చు, ఇంకో ఏడాది ఇలాగే దాచి ఉంటే నడుమ చూపు కూడా పోయేదట. క్రేన్ ఇక లేదు. కింద కొక్కేలు, తాళ్లు పరీక్షచేసే పని ఇచ్చారు. మొదటిరోజు మెడ పట్టేసింది, అందరిలా పైకి చూడ్డం అలవాటు లేక.

ఒక్కటే తేలడం లేదు. డాక్టరు రంగుల పుస్తకం పెట్టి పరీక్షచేసి, ‘మీకు ఎరుపు బ్రహ్మాండంగా కనిపిస్తోంది’ అన్నాడు. మరి గుడ్డ ఎందుకు కనిపించలేదు? రోజూ కళ్లల్లో చుక్కలు వేసుకుని ఆ కిటికీ ముందు నిలబడుతున్నాను. ఇవాళ కూడా లేదు. డాక్టరే పొరబడ్డాడేమో. సరిగ్గా ఎక్కడుందో రాయి. బొమ్మ గీసి పంపు.

నీ
డేగ

—

సోమవారం

ఇందుమూలముగా పటాలం అధిపతి తన పదవికి రాజీనామా చేయడమైనది. కారణములు దిగువన.

ప్రియమైన డేగా,

ఇంజనీరుకి రాసిన ఉత్తరం పొయ్యిలో వేశాను. బిస్కెట్ల మీద నిషేధం ఎత్తేశాను. ఇకనుంచి ఎడమ పక్క నాది. ఆ టోపీవాడు ముందు నన్ను దాటాలి.

మొదటి నేరం ఒప్పుకుంటాను. నీకు చూపు సరిగ్గా లేదని నాకు తెలిసింది అల్లుడి వల్ల కాదు. ఆదివారం నువ్వు ‘పద’ అన్నప్పుడే తెలిసింది. అందుకే తిట్టలేకపోయాను. మంగళవారం నీ ఉత్తరం వచ్చింది, తువ్వాలు కొలతతో సహా. నీ పని పోతుందని, నాతో మాట మానేస్తావని, శుక్రవారం దాకా నోరు మూసుకుని తాళాలు బాగుచేస్తూ కూర్చున్నాను. ఆ శుక్రవారమే తొట్టి అల్లుడి మీదికి వచ్చింది. నువ్వు జెండా చూడలేదు, సరే. నేను చూసి కూడా ఆపలేదు. అమ్మాయికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. చెప్తాను.

ఇక రెండోది. ఇది చదివేటప్పుడు చెల్లెమ్మని చీపురు దాచమను.

నర్సమ్మ మిషను చుక్క వెయ్యకుండా ఊరికే చప్పుడు చేసిందన్నావే, ఆ మిషనుకంటే రెండు వారాల ముందే ఆ పని నేను చేశాను. నీ ఏడు చావులు చూశాక, తలుపు రెక్క, టీ గ్లాసు సంగతులు చదివాక అనుమానం పుట్టింది. అడిగితే బుకాయిస్తావు. కళ్లు సరిగ్గా ఉన్నవాడైతే ‘అక్కడ ఏ గుడ్డా లేదురా వెధవా’ అని రాస్తాడు. నువ్వూ అలాగే రాస్తావని, నవ్వుకుని ఊరుకుందామని ఎదురుచూశాను.

బొమ్మ గీయలేను. ఆ కిటికీ ముందు నిలబడడం ఇవాళ్టితో మానెయ్యి. ఎర్ర గుడ్డ లేదు. ఎప్పుడూ లేదు. ఊగడం, గుర్తు, కొట్టు మూసేశాక కళ్లారా చూడడం, అంతా కొట్లో కూర్చుని కల్పించాను. లేని గుడ్డ నీకు కనిపించలేదు, అంతే. నీ కళ్లు నిజమే చెప్పాయిరా. అబద్ధాలాడింది మనిద్దరం.

నీ
మారుతాళం