ముగ్గురాయి మిల్లు కోసం ప్రార్థన

శుక్రవారం, రాత్రి

మిల్లు ఆగి ఇవాళ్టికి పదకొండు రోజులు. మేం పొడి కొట్టే ముగ్గురాయి అజర్‌బైజాన్‌కు పోతుంది, అక్కడ చమురు బావులు తవ్వేటప్పుడు లోపల పోసే బురదలో కలపడానికి. చమురు ధర పడిపోయి వాళ్లు తవ్వకం తగ్గించారట, ఆర్డరు ఆగిపోయింది. ఆ దేశం ఎక్కడుందో నాకిప్పటికీ తెలియదు. దాని పేరు అచ్చేసిన ఖాళీ సంచులు మాత్రం షెడ్డు నిండా పడి ఉన్నాయి.

సాయంత్రం మా ఇంట్లో ప్రార్థన కూడిక. పాస్టరుగారు ప్రార్థన అవసరతలు అడిగితే, నాతోపాటు సంచులు కుట్టే సుగుణక్క లేచింది.

"అయ్యగారూ, ఆ దేశంలో నూనె బావులు మళ్లా తవ్వల్లని ప్రార్థన చేయండి. ఈడ మాకు వేరే పని యాడుండాది?"

ఎవరూ నవ్వలేదు. అందరం కళ్లు మూసుకున్నాం.

ప్రార్థన సగంలో ఉండగా నాకు తట్టింది. మిల్లు దుమ్ములో రాయి పోసే మా ఆయన ఇందాకటి నుంచి ఒక్కసారి కూడా దగ్గలేదు. పోయిన నెల కూడికలో ఆయన దగ్గు వల్ల పాట రెండుసార్లు ఆపాల్సి వచ్చింది. ఈ వారం రోజులుగా రాత్రిళ్లు పడుకునే నిద్రపోతున్నాడు, గోడకు ఆనుకుని కూర్చుని కాదు.

కళ్లు తెరిచి చూస్తే ఆయన నన్నే చూస్తున్నాడు.

పాస్టరుగారు ముగించగానే ఇద్దరం గట్టిగానే ఆమేన్ అన్నాం.