నేను కొరికిన రొట్టె

బుఖారా, ఆదివారం

అమ్మా, నేను కులాసా. పోయిన కార్డులో రాసింది మరిచిపో. బయల్దేరే రోజున నా చేత ఒక ముక్క కొరికించి, మిగతాది నేను తిరిగొచ్చి తినాలని నువ్వు గోడకు తగిలించిన ఆ రొట్టెను దించొద్దు. దించేసి ఉంటే మళ్లీ తగిలించు.

ఇక అల్లా స్మరణలోనే ఇక్కడ ఉండిపోతానని, ఇంటికి రానని, రొట్టె పిచ్చుకలకు వేసెయ్యమని నీకు రాసినట్టు మా గురువు తురాబ్ బాబాతో గొప్పగా చెప్పాను. పులావుకు క్యారెట్లు తరుగుతున్న ఆయన కత్తి పక్కన పెట్టారు.

"మీ అమ్మ ఆ రొట్టెకేసి చూస్తుంటుందా?"

"అటు వెళ్లినప్పుడల్లా, బాబా."

"చూసినప్పుడల్లా నిన్ను తలుచుకుంటుంది. నోరు మెదపదు, చేతిలో పని ఆపదు. అల్లాను అలా తలుచుకోవడం ఈ వయసొచ్చినా నాకు కుదరట్లేదురా! ఇంట్లో అంత గురువును పెట్టుకుని నా దగ్గరికెందుకొచ్చావు, వెర్రివాడా? ముందు వెళ్లి ఆ రొట్టె తిను."

అని కళ్లు తుడుచుకున్నారు. ఉల్లిపాయల ఘాటు అన్నారు. తరిగింది క్యారెట్లే.

చెల్లి మెహ్రీకి దగ్గు తగ్గిందా? ఆప్రికాట్లు ఎండాయా? శుక్రవారం బస్సుకి వస్తున్నాను. రొట్టె రాయైపోయి ఉంటుంది, టీ ఎక్కువగా కాచి ఉంచు.

బాబా నీకు దీవెనలు పంపలేదమ్మా. నీ దీవెనే తనకు తెమ్మన్నారు.

నీ దావ్రాన్