కోటగిరి రాయి ఎవరు చదివారు?

ఫసలీ 1345, కార్తీక సోమవారం

శాసనాల మీద తమ్ముడు రాసిన వ్యాసం రేపు హైదరాబాదు పత్రికకు పోవాలి. సాపు ప్రతి నేనే రాస్తున్నాను. పేజీ అడుగున ఏ ఊరి రాయి, ఎవరు చదివారు అని ఆధారాలు వేయాలి. కోటగిరి రాయికి "స్వయంగా చదివినది" అని పెట్టాడు.

రాతికి తడి కాగితం అంటించి, సిరా అద్ది అచ్చు తీసిన ప్రతిసారీ వాడి అంగీ నల్లబడుతుంది. ఉతికేది నేనే. కోటగిరి నుంచి మాత్రం తెల్లటి అంగీతోనే వచ్చాడు.

అన్నం పెడుతూ అడిగాను. "తమ్మీ, కోటగిరి రాయి నువ్వే సదివినవా?"

"నేనే అక్కా. గిదేంది, పోలీసు అమీన్ సాబ్ లెక్క సవాళ్లడుగుతున్నవ్?" అని నవ్వాడు.

మజ్జిగ పోశాను. కాసేపటికి వాడే అన్నాడు, "అయినా గా కోటగిరి బడిల రాజయ్య పంతులుకు పత్రికల పేరెందుకు? ఏం జేసుకుంటడు?"

నేను ఎవరి పేరూ ఎత్తలేదు.

దేవుడి ముందు కూర్చున్నా మనసు నిలవలేదు. సాపు ప్రతిలో కోటగిరి రాయి దగ్గర వాడి మాట రాయడానికి నాకు చెయ్యి రాలేదు. రాజయ్య పంతులు పేరు రాశాను. దాన్ని కొట్టేయడానికి వాడికి చెయ్యి వస్తుందేమో, పొద్దున చూడాలి...