బాపు భుజం మీది వేళ్లు

ఎల్లారెడ్డి, ఆదివారం

రేపు బాపు సంవత్సరీకం. అన్న కామారెడ్డిలో ఫ్రేమ్ కట్టించిన ఫోటో తెచ్చాడు. అందులో బాపు ఒక్కడే ఉన్నాడు. పక్కన నిలబడ్డ అవ్వ లేదు. బాపు భుజం మీద ఆమె వేళ్లు ఉండాల్సిన చోట చొక్కా రంగు పూశారు.

"అవ్వ ఏది, అన్నా?" అని అడిగాను.

"బతికున్న మనిషికి దండేస్తరా? నేనే కత్తెరతోని కోసి స్టూడియోల ఇచ్చిన."

"కోసిన ముక్కేది?"

"గాడనే పడ్డదేమో. ఊడ్చేసిండ్రు కావచ్చు." తల కూడా ఎత్తలేదు.

మా కన్నవాళ్లిద్దరూ కలిసి దిగింది జన్మలో అదొక్కటే ఫోటో. ఇన్నేళ్లూ బీరువాలో చీర మడతల మధ్య దాచింది నేను, పోయిన వారం తీసి అన్న చేతిలో పెట్టిందీ నేనే. జిరాక్స్ షాపు పెట్టుకుని పొద్దంతా ఊరందరి పాసుబుక్కులూ సర్టిఫికెట్లూ స్కాన్ చేస్తాను. ఆ ఒక్కటి చెయ్యాలని మాత్రం తోచలేదు. అన్ననైతే సాయంత్రం నుంచీ మనసులో తిడుతూనే ఉన్నాను. నన్నేమని తిట్టుకోవాలి?

అవ్వ ఏడవలేదు. ఫ్రేమ్ ఒళ్లో పెట్టుకుని, బాపు భుజం దగ్గర అద్దాన్ని కొంగుతో చాలాసేపు తుడిచింది. పడుకోబోతూ నన్ను పిలిచింది.

"పొద్దుగాల నన్నొక ఫోటో తియ్యి బిడ్డా. ఒక్కదాన్నే తియ్యి. నేను పోయినంక మీ అన్న ఎవ్వల్ని కొయ్యకుండ."