అట్టలేని పుస్తకం రాసినాయన

సెక్టార్ 2, భిలాయి
మార్చి 4

ఇంద్రాణికి,

నువ్వూ, అపర్ణా, పదిరోజుల మనవరాలూ చల్లగా ఉండాలి. ఫోన్ చేస్తే అపర్ణ స్పీకర్ పెడుతుంది, వియ్యపురాలు కూడా వింటుంది. అందుకే ఈ ఉత్తరం. ఎప్పటిలాగే మాట తెలుగు, అక్షరాలు హిందీవి.

కొంప మునిగింది. వచ్చే ఆదివారం మన తెలుగు సంఘంలో ‘నాకు నచ్చిన పాత రచయితలు’ అని నేను మాట్లాడాలట. "ముప్పై అయిదేళ్లబట్టి వారం వారం లైబ్రరీ నుంచి సంచీడు పుస్తకాలు మోసుకెళ్లినోరు గదా భయ్యా! మీరు కాకపోతే ఇంకెవులు సెప్తారు?" అన్నాడు సెక్రటరీ లక్ష్మీప్రసాద్. మోసింది నేను, చదివి వినిపించింది మా ఆవిడ అని ఎలా చెప్పను? రైల్ మిల్లులో ఫోర్‌మన్‌గా రిటైరైనవాడికి తెలుగులో అ ఆలు రావని తెలిస్తే నా పరువేం కాను? పైగా సభలో ఒక పేజీ చదవాలట.

ఇద్దరి పేర్లు గుర్తున్నాయి. కానీ అందరికన్నా ఇష్టమైనాయన మూడో ఆయన. వానాకాలంలో చదివేదానివే, అట్ట చిరిగిపోయిందని పేపరు తొడిగిన పుస్తకం! ఆ గయ్యాళి అత్త కథ రాసినాయన. ఎప్పటి మనిషో గానీ, మా అమ్మను పక్కింట్లోంచి చూసి రాసినట్టే ఉంటుంది. పుట్టింటికి పంపని కోడలి కథ విని నేను ఏడ్చాను కూడా. ఆయన పేరు హిందీ అక్షరాల్లోనే రాసి పంపు. ఇల్లంతా వెతికాను, పుస్తకం దొరకలేదు.

నీ బలరాం


విశాఖపట్నం
మార్చి 7

శ్రీవారికి,

మీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. తర్వాత మేడ మీదికెళ్లి కాసేపు ఏడ్చాను. ఆ పుస్తకం దొరకదండీ. అది మన పాత పంచాంగం.

పెళ్లయిన రెండో ఏడు, వానలకు కప్పు కారి లైబ్రరీ నెల్లాళ్లు మూసేశారు. మీరు డ్యూటీ నుంచి వచ్చి, బెండకాయలు ముందేసుకుని "చదువు" అన్నారు. పుస్తకం లేదనడానికి మనసు రాలేదు. పంచాంగానికి పేపరు తొడిగి, మొహానికి అడ్డం పెట్టుకుని నోటికొచ్చింది చెప్పాను. ఆ అత్త మీ అమ్మే. ఆ కోడలు నేనే. మా నాన్న పోయేముందు చూడడానికి మీ అమ్మ నన్ను పంపలేదు, మీరు నోరెత్తలేదు. ఆ మాట ఎదురుగా అనలేక పుస్తకంలో ఉందన్నాను. మీరు కత్తిపీట పక్కకు తోసి ఏడ్చారు. "ఆ మొగుడు ఉట్టి దద్దమ్మ" అని తిట్టారు కూడా! మిమ్మల్ని ఆ రోజే క్షమించేశాను. ఆ తర్వాత లైబ్రరీ తెరిచినా, ఏటా వానలు పడితే నాకే చెప్పబుద్ధయ్యేది.

మోసం అనుకుంటే తిట్టండి. సభలో ఏం చెబుతారో మీ ఇష్టం. నా పేరు మాత్రం ఎత్తకండి, నాకు సిగ్గు.

మీ ఇంద్రాణి


భిలాయి
మార్చి 11

ఇంద్రాణీ,

నీ మాట వినలేదు, తిట్టుకో.

నీ ఉత్తరం రోజంతా జేబులో పెట్టుకుని తిరిగాను. నన్ను నేనే దద్దమ్మ అన్నానన్నమాట, సరిగ్గానే అన్నాను. మీ నాన్నగారి విషయంలో తప్పు నాదే. ముప్పై అయిదేళ్లు ఆలస్యంగా చెబుతున్నాను, క్షమించు.

సభలో లక్ష్మీప్రసాద్ పుస్తకం చేతికిస్తే తిరిగి ఇచ్చేశాను. "నాకు తెలుగు చదవడం రాదు. మా ఆవిడ చదివితే విన్నాను" అన్నాను. వెనక నుంచి క్యాంప్ 2లో ఉండే చినబాబు లేచాడు. "నాకూ రాదు భయ్యా! ఏటి సేస్తాం, హిందీ బళ్లో సదివినోళ్లం" అన్నాడు. ఇంకో ఆరేడు చేతులు లేచాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. పేర్లు గుర్తున్న ఆ ఇద్దరు రచయితల గురించీ చెప్పి, మూడో పేరు ఇంద్రాణి అన్నాను. "బతికున్నోళ్లు పాత రచయితలెలాగవుతారు?" అని లక్ష్మీప్రసాద్ అడ్డం పడ్డాడు. ముందు వరసలో కూర్చున్న నూకరత్నం పిన్ని "నువ్వుండు బాబూ! ఆ అత్తకి ఏటయిందో సెప్పనీ" అని కసిరింది. ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. నవ్వాల్సిన చోట నవ్వారు, కోడలి దగ్గర కొంగులు కళ్లకెళ్లాయి.

అపర్ణ కోలుకోగానే వచ్చెయ్. కొత్త కథ చెప్పు. పుస్తకం అడ్డం పెట్టుకోకు, నా మొహం చూసి చెప్పు.

నీ బలరాం