రైలు జరిపిన గీత

కౌముది మేడం గారికి నమస్కారం.

మీరు పెడుతున్న క్యాంపస్ ప్రదర్శనకు నేనిచ్చిన మా అమ్మ బొమ్మలో చీర ఎరుపు గీత దాటిపోయిందనీ, సరిగ్గా వేసి మళ్లీ తెమ్మనీ కబురు పంపారు. తేను మేడం.

స్క్రీన్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ అని మీకు తెలుసు. ఎరుపు ఆరాక దాని మీద నల్లగీత వేయాలి. మాణికేశ్వర్ నగర్‌లో మా ఇల్లు పట్టాల పక్కనే. మొదటిసారి స్క్రీన్ మీద రబ్బరు పట్టీతో నల్లరంగు లాగుతుంటే రైలొచ్చింది. బల్ల అదిరి గీత జరిగింది. కాగితం పాడైందని తిట్టుకుని, చింపబోయి ఆగిపోయాను. కుట్టుమిషను ముందున్న మా అమ్మ ఆ కాగితంలో నిజంగానే కదులుతోంది. అప్పటినుంచీ రైలు కూత వినబడేదాకా ఆగి మరీ రంగు లాగుతున్నాను.

చేతగాక అనుకోకండి. తార్నాకలో నేను పనిచేసే షాపులో పెళ్లికార్డులు వెంట్రుకవాసి తేడా రాకుండా వేస్తాను. అవి వేరేవాళ్ల పెళ్లిళ్లు. ఇది మా ఇల్లు.

మీరన్నది అమ్మకు చెప్పాను. మిషను ఆపకుండానే అంది: "రైలు పోతుంటే గీ ఇంట్ల ఎవరు కదలకుంట ఉన్నరు బిడ్డా? గోడలే ఉంటలేవు. మేడంను ఓపారి వచ్చి గీడ కూసోమను."

రండి మేడం. బొమ్మ మాత్రం మారదు. చాయ్ ఇస్తాం. మా ఇంట్లో కప్పు నిండా ఎవరికీ పోయం. ఎందుకో రైలొచ్చాక మీరే చూద్దురుగాని.

ఇట్లు,
పట్టాల పక్కింటి నుంచి